రాజులకు ముందు వచ్చినవాళ్ళు

తొలకరి చినుకులు పడగానే రోడ్డు మీది ఇనుప ధూళి తడిసి ఒక వాసన లేస్తుంది. యశ్వంతనగర్ ఇనుప గనుల వైపు నుంచి వచ్చే లారీలు ఏడాదంతా రాల్చిపోయిన ఎర్రమట్టి అది. ఈ సాయంత్రం కిటికీ దగ్గర ఆ వాసన తగిలేసరికి, బళ్ళారిలో మా హైస్కూలు, చరిత్ర చెప్పే సారమ్మ మేడమ్ గొంతు గుర్తుకొచ్చాయి. మమ్మల్ని కళ్ళు మూసుకోమని ఆవిడ పాఠం మొదలుపెట్టేవారు. మూసుకుంటే మా ఎండల ఊరు మెల్లగా కరిగిపోయేది. నీలి సముద్రం, తెరచాపలు, రాళ్ళు పరిచిన రోమా బాటలు కనిపించేవి.

ఆ రోజు పాఠం తొలినాటి క్రైస్తవం. ఎక్కడో ఒక మూల పుట్టిన నమ్మకం అంత పెద్ద సామ్రాజ్యమంతా ఎట్లా పాకిందని అడిగారు మేడమ్.

"రాజు చెప్పింటాడు మేడమ్" అన్నాను.

"రాజులు కడాకు వచ్చినారమ్మా. ముందు వచ్చినోళ్ళు ఓడల్లో సరుకు మోసేటోళ్ళు, డేరాలు కుట్టేటోళ్ళు, బానిసలు. ఊదారంగు బట్టలమ్మే ఒకామె తన ఇంటి తలుపు తీసింది. ఆ ఇంట్లోనే అందరూ కూడినారు. గుడీ లేదు, గోపురమూ లేదు."

నాన్న పోయాక మా అమ్మే బజారులో బట్టల అంగడి నడిపేది. మూసిన కళ్ళ వెనక ఆ సముద్రతీరపు అంగడిలో అమ్మే కూర్చుని, గుడ్డ తాను మడత విప్పుతుంటే ఊదారంగు అలలు అలలుగా జారుతున్నట్టు కనిపించింది. మేడమ్ గొంతు తగ్గించి, ఆ పట్నాల్లో మహమ్మారి వచ్చిన సంగతి చెప్పారు. పారిపోగలిగినవాళ్ళు పారిపోయారట. ఈ కొత్త నమ్మకంవాళ్ళు చాలామంది ఉండిపోయి, తమ దేవుణ్ణి కొలవనివాళ్ళకు కూడా నీళ్ళు తాపారట. తాపినవాళ్ళలో కొందరు అదే రోగంతో పోయారట.

"మందు లేకుండా నీళ్ళతో ఏమవుతుంది మేడమ్?"

"బతికి లేచినోడు, నీళ్ళు ఎవురు తాపినారో మర్చిపోతాడా?"

చాలా ఏళ్ళకు కరోనా వచ్చింది. అమ్మా నేనూ ఇద్దరమూ మంచం పట్టాం. అంగడి పనివాళ్ళు తమ ఊరు రూపనగుడికి వెళ్ళిపోయారు. చుట్టాలు ఫోన్లు చేశారే గానీ గేటు దాకా ఎవరూ రాలేదు. ఒక పొద్దున తలుపు చప్పుడైంది. పక్క వీధిలో ఒంటరిగా ఉంటున్న సారమ్మ మేడమ్, ముఖానికి మాస్కుతో, చేతిలో గంజి క్యారియర్‌తో నిలబడ్డారు.

అమ్మ పరాయి ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. జ్వరంలోనూ తల తిప్పుకుంది. "టీచరమ్మా, నన్ను మీ దేవునిలో కలుపుకుంటావా ఏంది?"

"ముందు గంజి తాగక్కా. దేవుని మాట ఆయప్పే చూసుకుంటాడు."

మేడమ్ గంజి గ్లాసులో పోసి చాపారు. అమ్మ తల ఇటు తిప్పి రెండు చేతులతో అందుకుంది. మేము మంచం దిగేదాకా మేడమ్ వస్తూనే ఉన్నారు. దేవుడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఉన్నట్టుండి ఆవిడ రావడం ఆగిపోయింది. జ్వరమని తెలిసింది. గోడ పట్టుకుని నడుస్తున్న అమ్మ పొయ్యి వెలిగించి, గంజి కాచి క్యారియర్ చేతపట్టింది.

"యాడికి పోతావమ్మా? కాళ్ళే నిలబడ్డంలేదు నీకు."

"ఆయమ్మ ఈడికి వచ్చేటప్పుడు ఎవుర్నన్నా అడిగిందా?"

మేడమ్ ఇంటి గడప అమ్మ దాటడం అదే మొదటిసారి. మేడమ్ తలను ఎత్తి తన ఒడిలో పెట్టుకుని చెంచాతో తాపింది. మేడమ్ కళ్ళు మూసుకునే నవ్వారు. "ఉప్పు ఎక్కువేసినావక్కా." అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేడమ్ తిరిగి రాలేదు.

అమ్మ దేవుణ్ణి మార్చుకోలేదు. శుక్రవారం దీపం ఇప్పటికీ పెడుతుంది. నేనూ మారలేదు. కానీ వీధిలో ఎవరికో బాగాలేదని వినపడితే, ఎవరిల్లు అనే ప్రశ్న నా నోటికి వచ్చేలోపే నా కాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నాయి.