గోడ మీద వైరు

ఆ దెబ్బలు నావి. ముందు ఆ మాట చెప్పేస్తా, మిగతాది తర్వాత.

ఎమ్మిగనూరు బస్టాండు ఎనకల, పట్టపగలు, మా పక్కింటి పరుపులాయన్ని నలుగురు కింద పడేసి తన్నినారు. ఆదోనిలో దూది కొనుక్కోని వచ్చి ఆటో దిగుతాండె ఆయన. ఒగడు మూట చింపి దూదంతా మురిక్కాలవలో పారబోసినాడు. ఒగడు కడుపులో తన్నినాడు. ఇద్దరు పట్టుకోని కుడిచెయ్యి అరుగు మీద పెట్టిస్తే, మూట చింపినోడు ఇనుప రాడ్డుతో మూడు దెబ్బలేసినాడు. మొదటి దెబ్బకే అరిచినాడంట, తర్వాత అరవలేదంట. టీ బంకు కాడ ఇరవై మంది చూసినారు. ఒగడన్నా "ఏందప్పా ఇది" అనలేదు.

"ఫైలు యాడ పెట్టినావ్‌రా? కాయితాలు ఎవురిచ్చినార్రా నీకు?" అని అడుగుతా కొట్టినారు. దబ్బనం, దారం, దూది. ఆ మనిషికి తెలిసిన పని ఇంతే. ఆ ఫైలు నాది.

దీని మొదలు మా నాయన కాడ ఉండాది. ఆయన చీరలకు బుటాలు గీసేటోడు. గళ్ళ కాయితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటా పువ్వులు, పిట్టలు, మామిడిపిందెలు గీసేటోడు. ఆ గళ్ళను బట్టి అట్టలకు బొక్కలు కొడతారు, ఆ అట్టలు మగ్గం నెత్తిన ఎక్కితే చీర మీద పువ్వు దిగుతాది. పిట్ట గీసినప్పుడు మాత్రం ముక్కు కాడ ఒగ గడి ఖాళీగా ఇడిచిపెట్టేటోడు. "నింపరాదా నాయనా" అంటే, "పిట్టకు గాలాడొద్దారా" అని నవ్వేటోడు.

మా వీధిలో మగ్గాలన్నీ ఒగే సావుకారి కింద ఆడేవి. ఆయన దుకాణం ఆదోనిలో, పెత్తనం మా నెత్తిన. నాయన గీసిన ప్రతి కాయితం సావుకారి బీరువాలోకి పోవల్ల, ఇంగొకరికి చూపిచ్చకూడదు. గోనెగండ్లలో మా చిన్నాయన సొంతంగా మగ్గం పెట్టుకున్నాడని, నాయన ఒగ చిన్న బుటా గీసిచ్చినాడు. అంతే. సావుకారి మా ఇంట్లోకొచ్చి, మగ్గం మీదున్న నాడె తీసుకోని నాయన మొగాన కొట్టినాడు. పోగును మోసుకోని మగ్గంలో అటూ ఇటూ ఉరికే కొయ్యముక్క, నాడె. రెండు కొనలకూ ఇనుప ముక్కులుంటాయి. కనుబొమ్మ చీలిపోయి రక్తం పడుగు మీద కారింది. నేను పొయ్యి కాడుండే కట్టె తీసుకోని లేస్తే, మా నాయనే నన్ను పట్టుకున్నాడు. "గమ్మునుండ్రా, అన్నం పెట్టే మనిషి" అన్నాడు. ఆ మచ్చ సచ్చేదాంకా ఉండె ఆయనకు. ఆ కట్టె కూడా నా చేతిలోనే ఉన్నట్టుండేది నాకు.

నాయన పోయినాక ట్రంకు పెట్టె తీస్తే అడుగున ఆయన చిత్తు కాయితాలన్నీ ఉన్నాయి. బీరువాలోకి పోయినవాటికన్నా ముందు గీసుకున్నవి, చేత్తో దిద్దినవి. ఒక్కొక్కటీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించినా. నేను మగ్గం వదిలి కంప్యూటర్లో బుటాలు గీసే పనే చేస్తాండా గదా, నాకదేం కష్టం గాదు. మా నాయన చెయ్యి బీరువాలో మగ్గిపోయేది ఏంది, నేసేవాళ్ళందరికీ పంచిపెడతా అనుకున్నా. నిజం చెప్పల్లంటే పంచేదానికన్నా సావుకారి కడుపు మండించల్లనేదే ఎక్కువ ఉండె నాకు.

వాట్సాప్‌లో పంపిస్తే బొమ్మ నలిగిపోయి గళ్ళు కలిసిపోతాయి, అట్ట కొట్టేవాడు తల బాదుకోవల్ల. పైగా గ్రూపులో నా ఫోన్ నెంబరు అందరికీ కనపడతాది. అందుకని టోరెంట్ నేర్చుకున్నా. దాంట్లో ఫైలు ఒగ చోట ఉండదు. దించుకున్న ప్రతివాడూ మళ్ళీ ఇంగొకరికి ఇస్తా పోతాడు. ముందు మాత్రం మనం కంప్యూటర్ ఆపకుండా పెట్టల్ల. దానికి సీడింగ్ అని పేరు. ఇత్తనమేసి కాపలా ఉన్నట్టే.

కానీ మా ఊరి నెట్టోడు ఉండాడే, వానితోనే భయం. కేబులు, నెట్టు రెండూ వానివే. వాని నోట్లో నువ్వుగింజ నానదు. టీ బంకు కాడ కూచోని, "ఎవురింట్లో ఏం సూస్తాండారో నాకు తెల్దనుకుంటాండారా? అంతా నా డబ్బాలో కనపడతాది" అని ఇకిలించేటోడు. ఒగసారి ఒగ పంతులు ఏం సైట్లు చూస్తాడో అందరి ముందరా చెప్పినాడు. పంతులు తమ్ముడు వచ్చి టీ గ్లాసుతో వాని దవడ మీద కొట్టినాడు. గ్లాసు పగిలింది, ఏడు కుట్లు పడినాయి. కుట్లిప్పినాక మళ్ళీ అదే బంకు, అదే ఇకిలింపు. సిగ్గులేని జన్మ!

వాని కండ్లకు గంతలు కట్టేదానికి వీపీఎన్ పెట్టుకున్నా. తాళమేసిన పెట్టెను వాని రోడ్డు మీదే తోలుకోని పోయినట్టు. పెట్టె పోతాండాదని వానికి తెలుస్తాది, లోపల ఏముందో తెల్దు. ఫైలు దించుకునేవాళ్ళకు కూడా నా నెట్టు నెంబరు బదులు యాడిదో దేశంది కనపడతాది. ఫైలుకు మా నాయన పేరు గానీ నా పేరు గానీ పెట్టలేదు. ఉత్త "పాత బుటాలు" అని పెట్టినా. నెల తిరిగేలోగా ఎవురెవురో దించుకున్నారు. సావుకారి బీరువాలో పువ్వు కృష్ణగిరిలో ఎవురో నేసినారని వింటే, ఒంటరిగా కూచోని పగలబడి నవ్వినా.

ఇంగ గోడ మీద వైరు గురించి చెప్పల్ల. నాకు నెట్టు కనెక్షను లేదు. ఉన్నది పరుపులాయన పేరు మీద. నెట్టు డబ్బా వాళ్ళింట్లో ఉంటాది, దాంట్లోంచి ఒగ వైరు గోడ మీంచి మా ఇంట్లోకి వస్తాది. నెట్టోనికి తెల్దు ఈ సంగతి. మా వీధిలో సగం ఇండ్లు ఇట్లనే వాడుకుంటాయి. మగ్గాల వీధిలో ఆయనొక్కడే దూదేకులాయన, నాకన్నా పదేండ్లు పెద్ద, నేను అన్నా అంటా, ఆయన అప్పా అంటాడు. వాళ్ళింట్లో ఆ నెట్టుతో పాటలు వినేది తప్ప ఇంగేం చెయ్యరు. "ఏందప్పా, దినమంతా నీ డబ్బా గుయ్యిమంటాది, పిల్లలు పెడతాండాదా?" అని ఎగతాళి చేసేటోడు. అవునన్నా, పెడతాండాది అనేటోన్ని.

ఆస్పరి కాడ పెండ్లికి పోయినా రెండు దినాలు. కంప్యూటర్ ఆన్‌లోనే పెట్టిపోయినా. అదే నేను చేసిన తప్పు. నేను లేనప్పుడు కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. కరెంటు రాంగానే లేచేటట్టు నేనే పెట్టుకున్నా కంప్యూటర్‌ను. లేచింది. టోరెంట్ దానంతటదే లేచింది. వీపీఎన్ లేవలేదు. దాన్ని నేను చేత్తో నొక్కల్ల. రెండు దినాలు మా నాయన బుటాలు బట్టల్లేకుండా వీధిలో నిలబడినాయి. నేను పెండ్లిలో కూచోని పప్పన్నం తింటాండా.

ఆ ఫైలు ఎవురిస్తాండారో వాళ్ళ నెట్టు నెంబర్లు బారుగా కనపడతాయి టోరెంట్‌లో. సావుకారి కాడ కంప్యూటర్ తెలిసినోడు ఒగడుండాడు. బారులో మా ఊరి నెంబరు కనపడింది వానికి. నెట్టోన్ని పిలిపించినారు. వాడు డబ్బాలో చూసుకోని, ఈ నెంబరు ఫలానా పరుపులోడి ఇంటిదని చెప్పినాడు. మూడో దినం బస్టాండు ఎనకల ఆయన చెయ్యి ఇరిగింది.

నేను ఊర్లో దిగేసరికి ఆయన్ని ఆదోని పెద్దాస్పత్రికి తీసుకపోయినారు. ఇంటికొస్తే గోడ మీద వైరు లేదు. ముక్కలుగా కోసిపడేసినారు. ఆయన భార్య వాకిట్లో కూచోని ఉండాది, నా మొగం చూడలేదు. కోపంతో ఆమెనే కోసింటాదిలే అనుకున్నా. కోసినా తప్పు లేదు అనుకున్నా. తలొంచుకోని లోపలికి పోయి తలుపేసుకున్నా.

కోపిష్టోడినని పేరుండాది నాకు. ఆ కోపం యాడ పోయిందో, రెండు దినాలు బయటికి రాలేదు నేను. ఎవురన్నా తలుపు కొడితే లైటార్పేసి మూలకు కూచున్నా. ఇదీ నా మగతనం! మూడో దినం సిగ్గు పుట్టి ఆస్పత్రికి పోయినా.

చేతికి మోచేతి దాంకా పిండికట్టు, మూడు వేళ్ళకు కడ్డీలు. పెదవి చీలి వాచిపోయుండె. నన్ను చూసి, "ఆ పొద్దు కరెంటు పోయి వచ్చింది గదప్పా, దాంతోనే నీ గుట్టు బయటపడింటాది" అన్నాడు. నేను బిత్తరపోయినా. నేను ఏం చేస్తాండానో ఆయనకు ముందునుంచీ తెలుసు.

"మా ఆడమనిషికి ఫోన్ జేసి సెప్పినా, గోడ మీద వైరు కోసి పారెయ్యమని," అన్నాడు. "వాళ్ళు ఇంటికొచ్చి సూస్తే నీ కాడికి దారి తెలిసిపోతాది గదా."

చెయ్యిరిగి రోడ్డు మీద పడున్న మనిషి, ఎడంచేత్తో ఫోన్ తీసి చేసిన మొదటి పని అది. నేను ఆ మంచం పట్టుకోని ఏడ్సినా. ఆయన "ఊకో అప్పా, నర్సమ్మ తిడతాది" అన్నాడు.

ఆస్పత్రి నుంచి నేరుగా సావుకారి దుకాణానికి నడుచుకుంటా పోయినా. మధ్యాన్నం, దుకాణంలో ఆడవాళ్ళు చీరలు చూస్తాండారు. "ఆ ఫైలు పెట్టింది నేను," అన్నా. "పరుపులాయనకు ఏం తెల్దు. కొట్టల్లంటే నన్ను కొట్టు."

ఆయన తలెత్తలేదు. చీర మడతేసుకుంటా, "తెలుసు," అన్నాడు.

"తెలిస్తే ఆయన్నెందుకు కొట్టించినావ్?" అన్నా.

"పిట్ట ముక్కు కాడ గడి ఖాళీగా ఇడిసేది మీ నాయన గాక ఇంగెవురు? ఆ కాయితాలు నీ కాడ గాక యాడుంటాయి? మొదటి దినమే తెలుసు నాకు. నెట్టోడు పరుపులోడి పేరు సెప్పినాడు, మంచిదే అనుకున్నా. నిన్ను కొడితే మీ వీధంతా వచ్చి నా గడప మీద కూసుంటాది, మగ్గాలు ఆగుతాయి. వాన్ని కొడితే ఎవురొస్తారు? వానికి తగిలితే నీకు బుద్ధొస్తాది. వచ్చింది గదా, పో."

నెట్టోని కండ్లకు గంతలు కట్టినా, దేశాలు దాటించినా, పేరు పెట్టలేదు. మా నాయన ఇడిచిన ఒగ గడి నింపేది మాత్రం తోచలేదు నాకు.

బల్ల మీద, కాయితాలు ఎగిరిపోకుండా బరువుకు, ఒగ పాత నాడె పెట్టుకోనుండె ఆయన. తీసుకున్నా. కనుబొమ్మకే గురి పెట్టినా, ఆయన తల తిప్పేసరికి చెవి మీద తగిలింది. చెవి తెగి వేలాడింది. ఆడవాళ్ళు కేకలేసినారు. రెండోసారి భుజం మీద కొట్టినా, ఎముక శబ్దం వినపడింది. సంతోషమేసింది నాకు, దాచుకునేదేముంది. మూడోసారి ఎత్తేలోపల పనోళ్ళు మీద పడినారు. షాపు బయటికి ఈడ్చి, మెట్ల మీద వేసి, అలిసిపోయిందాంకా తన్నినారు. నోట్లో రక్తంతో పాటు ఒగ పన్ను బయటికొచ్చింది. ఒక్కొక్క దెబ్బకూ, ఇది నాది, ఇది నాది అనుకుంటా ఉన్నా.

అదే ఆస్పత్రి, అదే వార్డు, పరుపులాయన పక్క మంచమే ఖాళీ ఉండె. "వచ్చినావా" అన్నాడు ఆయన. పక్కటెముకలు ఇరిగి నవ్వేదానికి గాలేదు నాకు.

పొద్దున పది గంటలకు మా వీధి వచ్చింది. సావుకారి చెప్పినట్టే వచ్చింది. మగ్గాలు ఆపి, రెండు ట్రాక్టర్లెక్కి, ముసలోళ్ళు, ఆడోళ్ళు అందరూ. నలభై మందికి తక్కువ లేరు. పండ్లు, బ్రెడ్డు, టెంకాయ నీళ్ళు తెచ్చినారు. "వాని దుకాణం తగలబెడతాం," అన్నాడొకడు. "స్టేషన్ ముందర కూసుంటాం," అన్నాడు ఇంగొకడు. నా మంచం చుట్టూ గాలాడకుండా నిలబడినారు. పక్క మంచం కాడ ఆయన భార్య ఒక్కతే కూచోని, ఎడంచేత్తో తినరాక ఆయన కింద పోసుకున్న గంజి తుడుస్తాండాది. నాలుగు దినాలుగా ఆ మంచం కాడికి ఆమె గాక వచ్చినోన్ని నేనొక్కన్నే. నేను కూడా మూడో దినం వచ్చినా.

ఆయన జనాన్ని చూసి, "నీకు శానామంది ఉండారప్పా," అన్నాడు. ఎత్తిపొడుపు గాదు. నిజంగానే నా గురించి నిమ్మళపడినాడు.

నాకు తిక్కలేసింది. మోచేతి మీద లేసి, ఉన్నదంతా చెప్పినా. ఫైలు నాదని, కరెంటు పోయిందని, ఆయన నా పేరు చెప్పకుండా మూడు దెబ్బలు తిన్నాడని, వైరు కోయించింది ఆయనేనని, వానికి ఎవురొస్తారు అని సావుకారి అన్న మాట కూడా చెప్పినా. "నా కాడ ఏం పనిరా మీకు?" అని అరిచినా. "ఆ మంచం కాడికి పోండి. స్టేషన్ ముందర కూసునేదుంటే ఆయన కోసరం కూసోండి, పోండి!"

ఒగడు కిటికీలోంచి బయటికి చూసినాడు. ఒగ ముసలామె పండ్ల సంచి తీసుకోని పక్క మంచం కాడికి పోయింది. ఆమె ఎనకల ఇద్దరు పోయినారు.

ముగ్గురే. మిగతావాళ్ళు నా మంచం కాడే నిలబడి, పక్కటెముకలు ఎన్ని ఇరిగినాయని అడుగుతా ఉన్నారు.