ఆరడుగుల బావికి పన్నెండుమంది

ఆ రోజుల్లో లెక్కకు లొంగని పని లోకంలో లేదని నా నమ్మకం. అశోక్‌నగర్‌లో నేను అద్దెకున్న ఇంటి పెరట్లో ఆ ఉదయం ఉన్నవి: ఆరడుగుల వెడల్పు బావి, దాని అడుగున రెండు నిలువుల పూడిక, గిలక, మోకు, తట్టలు, పాలమూరు మేస్త్రీ, అతని మనుషులు ముగ్గురు, ఇంటి ఓనరుగారు, ఇంజనీరింగ్ డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలైన నేను. (నా బుర్ర ఆ పూట హాజరు కాలేదు.)

ఓనరుగారిది గుంటూరు వైపు. మూడోనాడు మనవడి బారసాల. బాలింత కూతురు పుట్టింటి నూతిలో చేద వేసి నీళ్లు తోడాలి. తోడకపోతే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేనని ఆయన దిగులు. నలుగురం కలిసి చేస్తే ఆరు రోజులు పడుతుందన్నాడు మేస్త్రీ. నేను సిగరెట్ పెట్టె వెనక విలోమానుపాతం వేశాను. నలుగురికి ఆరు రోజులైతే పన్నెండుమందికి రెండు. ఈ మాత్రం తెలియని మేస్త్రీ మీద జాలి కూడా పడ్డాను.

అతను బావిలోకి తొంగిచూసి, "సారూ, బాయిల ఇద్దరే నిలవడ్తరు. మిగిలినోళ్లను ఏడ పెట్టమంటవ్?" అన్నాడు.

"అబ్బాయి చదువుకున్నవాడయ్యా, చెప్పినట్టు చెయ్యి," అన్నారు ఓనరుగారు.

మరో ఎనిమిదిమంది వచ్చారు. ఇద్దరు తవ్వారు, ఇద్దరు మోకు లాగారు, వచ్చిన ఎనిమిదిమంది గట్టు మీద బీడీలు కాల్చారు. ఈ సోమరితనం చూడలేక రెండోరోజు అయిదుగురిని దింపించాను. పార ఎత్తితే పక్కవాడి మోచేయి, గడ్డపార దించితే మరొకడి పాదం. తట్టల కంటే తిట్లే ఎక్కువ పైకొచ్చాయి. తీసిన మట్టి ముందురోజు దాంట్లో సగం లేదు.

బారసాలనాడు బాలింత చేద వేస్తే బురద వచ్చింది. వియ్యపురాలు అందులోకి చూసి, "మా వాడికి పేరు పెడుతున్నారా వదినగారూ, పునాది వేస్తున్నారా?" అని ఓనరుగారి భార్యను నెమ్మదిగా అడిగింది. చివరికి పక్కింటి నూతిలో తంతు ముగించారు. ఎండాకాలం, పక్కింటివాళ్లు ఒక్క చేదకు మించి ఇవ్వలేదు. వంటకూ చుట్టాలకూ నీళ్లు కావాలి. ఓనరుగారు నాకు సైకిలూ రెండు బిందెలూ అప్పగించి, చిక్కడపల్లి నల్లా వైపు చెయ్యి చూపించారు.

గేటు దగ్గర మేస్త్రీ బీడీ తీసి అన్నాడు: "గీ పనికైతే నీ లెక్క సరిపోతది సారూ. పన్నెండు మందిని పిలువు, జల్ది అయితది."

నిజమే. పిలిచాను కూడా. నారాయణగూడలో ఉన్న నా క్లాస్‌మేట్లు నవ్వి తలుపేసుకున్నారు. చెమటతో సైకిలు తోస్తూ అప్పుడు కూడా ట్రిప్పుకెన్ని నిమిషాలో లెక్కవేసుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఈనాడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తాడు. మోసింది ఒక్కణ్ణే. ముప్పై నాలుగు బిందెలు.