నేను కొనని నాయుడుపేట మల్టీటూల్

సాయంత్రం నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కారణం ఒక మల్టీటూల్. పట్టకారు, కత్తి, స్క్రూడ్రైవర్ ఒకదాంట్లోనే మడిచి ఉంటాయే, అది. బండిలో ఉంచుకుందామని తిరుపతిలో ఒక హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. షాపాయన రెండు చూపించాడు. ఒకటి విదేశీ సరుకు, రెండోది నాయుడుపేట దగ్గర తయారైంది. దీని ధర దాంట్లో సగం.

"ఇంత తక్కువంటే నాసిరకమేగా?" అన్నాను.

"నాసిరకమని ఎవరు సెప్పినారప్పా? దీనికి ఓడ బాడుగ లేదు, దిగుమతి సుంకం లేదు, మధ్యలో నాలుగు చేతులు మారేది లేదు. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి వ్యాన్‌లో వచ్చేస్తాది. స్ప్రింగు పోతే అదీ ఈడే దొరుకుతాది."

అన్నిటికీ తలూపాను. తలూపి, విదేశీదే కొన్నాను.

అక్కడే తీసి చూద్దామంటే దాని ప్లాస్టిక్ పెట్టె గోళ్లకూ లొంగలేదు, పళ్లకూ లొంగలేదు. షాపాయన తను రోజూ వాడే మల్టీటూల్ జేబులోంచి తీసి ఒక్క గీతతో కోసి ఇచ్చాడు. నాయుడుపేటదే.

అప్పటి నుంచి నాదాన్ని తెరుస్తున్నాను, మూస్తున్నాను. మార్చుకుందామంటే పెట్టె కోసిన సరుకు వెనక్కి తీసుకోరు. మీరైతే ఏది కొనేవాళ్లో నిజం చెప్పండి. నాలాంటివాళ్లు ఇంకొందరున్నారని తెలిస్తే దీన్ని కాసేపు కింద పెడతాను.