మామ చూసిన దుర్భిణి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం, ఒక శుక్రవారం, పొద్దున ఎనిమిది గంటలు. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, సర్వే అధికారి చేతి గడియారం చూసుకుని "ఎనిమిదైంది, మొదలుపెట్టండి" అన్నాడు. నాకు అప్పటికి గడియారం చూడటం రాదు, చదవడమూ రాదు. రెండూ పిల్లలు పుట్టాక నేర్చుకున్నాను.

డోన్ బయటి బీళ్లలో కాలువ తవ్వుతారని, ముందు నేల ఎత్తుపల్లాలు కొలవాలని, మనుషులు కావాలని చాటింపు వేశారు. ఆ కాలువ ఈ రోజుకూ రాలేదు. కొలవడం మాత్రం చాలాసార్లు జరిగింది. మా సీమలో నీళ్లకు కరువు గానీ, నీళ్ల కోసం తీసే కొలతలకు ఎన్నడూ కరువు లేదు.

నాకా పని కావాలి. పెళ్లయి ఏడాది దాటినా నా భార్య కోయిలకుంట్లలో పుట్టింట్లోనే ఉంది. మా మామ మొండిమనిషి. "వానను నమ్ముకున్నోనికి పిల్లనిచ్చి తప్పు చేస్తి. సర్కారు పని దొరికినాక రా, పంపిస్తా" అన్నాడు. అని ఊరుకోలేదు. ఆ పని ఎలాంటిదో కళ్లారా చూస్తానని ఆ రోజు నా వెంటే వచ్చాడు.

ఖాళీలు రెండు. ఒకటి గొడుగు పట్టడం, ఇంకొకటి కర్ర పట్టడం. గొడుగు మనుషులకు కాదు, మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణికి. ఎండ తగిలితే అందులో మట్టం చూపే బుడగ కుదురుగా నిలవదట. ఎవరు ఎలా పట్టుకుంటారో చూద్దామని అధికారి ముందు నాకు గొడుగిచ్చాడు. చెప్పినట్టే దుర్భిణికి పట్టాను. ఆయన బట్టతల మీది చెమట చెవుల్లోకి దిగింది. నా తర్వాత, నాలాగే పనికొచ్చిన కరణంగారి మేనల్లుడు గొడుగు అందుకుని, నేరుగా అధికారి నెత్తిన పట్టాడు. దుర్భిణి ఎండకు మాడింది. "వీడికి బుర్ర ఉంది" అన్నాడు అధికారి. నీడ ఉద్యోగం మేనల్లుడికి పోయింది. నాకు కర్ర మిగిలింది.

అంకెలు వేసిన ఆ పొడుగాటి కర్రను దూరంగా నిటారుగా నిలబెట్టాలి. అధికారి దుర్భిణిలోంచి అంకె చూసి రాసుకుంటాడు. నేను రెండు చేల అవతల నిలబడ్డాను. దుర్భిణి దగ్గర జరిగిందంతా కొలత గొలుసు లాగే సాయిబు తర్వాత చెప్పాడు. సాయిబు కల్పించి చెప్పే మనిషి కాదు, ఆయనకు అంత ఓపిక లేదు.

"సామీ, మా అల్లుడు యాడుండాడు? సరిగ్గా కనపళ్ల్యా" అన్నాడట మామ.

"ఇందులోంచి చూడవయ్యా, ముక్కు ముందుకొచ్చినట్టు ఉంటాడు" అన్నాడు అధికారి.

మామ ఒక కన్ను మూసి చూసి, తేలు కుట్టినట్టు వెనక్కి గెంతాడు. "అయ్యయ్యో, మావాన్ని తలకిందులు చేసినారే! కాళ్లు పైకుండాయి!"

"ఏం కాలేదయ్యా. లోపలి అద్దాలు అలా చూపిస్తాయి."

"మా ఇంట్లోనూ అద్దముండాది సామీ. దాంట్లో చూసుకునే గడ్డం గీక్కుంటాండా. ఏ పొద్దన్నా నా గడ్డం నెత్తిమీదికొచ్చిందా?"

సాయిబు కలగజేసుకున్నాడు. "పెద్దాయనా, ఫికరు పడాకు. నీ అల్లుడు బాగనే నిలబడినాడు. ఒట్టి కంటితో చూడు."

"ఒట్టి కంటికి చీమంత ఉండాడు. చీమ నిలబడినాదో పడినాదో నాకెట్ల తెలుస్తాదప్పా? మొదటి పూటకే మనిషిని తిరగేసే కొలువు మాకొద్దు. నా బిడ్డను పంపేది ల్యా."

సరిగ్గా అప్పుడే ఇవతల గాలికి నా కర్ర వాలింది. అంకె దొరక్క అధికారి మండిపడి, నన్ను తిట్టడానికి నడుచుకుంటూ వచ్చాడు. మేనల్లుడు ఆయన నెత్తిని వదలకుండా గొడుగుతో వెంటే వచ్చాడు. "నిటారుగా అంటే అర్థం కాదా!" అని అధికారి చెయ్యి ఊపుతుంటే, పని పోయిందనే అనుకున్నాను.

అక్కడ మామ మళ్లీ కన్ను పెట్టాడు. ఆకాశంలో అధికారి బూట్లు, వాటి కింద పొట్ట, దాని కింద బట్టతల, అన్నిటికీ అడుగున గొడుగు. పక్కన గబ్బిలంలా మేనల్లుడు.

"ఏమి పెద్దాయనా, ఇంకా అట్లే ఉండాడా?" అన్నాడు సాయిబు.

"దొర గూడా అట్లే ఉండాడే! గొడుగోడూ అట్లే ఉండాడు. అంటే సర్కారు కొలువులో చేరినోల్లంతా ఇట్లే అయితారా?"

"అంతే అనుకో."

"ముందే చెప్పొచ్చు గదప్పా! మావానికొక్కనికే ఏందో దోషముండాదని శానా భయపడితి."

అధికారి తిరిగి రాగానే మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సామీ, మావాన్ని ఉంచుకుంటారా?"

"కర్ర వంకరగా పట్టుకుంటున్నాడు. కానీ ఈ ఎండలో ఇంకెవడొస్తాడు? ఉండమను."

అదే నా నియామకం. రిటైరయ్యేదాకా ఆ శాఖలోనే ఉన్నాను. ఎన్ని పదోన్నతులు వచ్చినా ఇంతకంటే గట్టి కారణం ఏ ఒక్కదానికీ కనిపించలేదు.

మామ మధ్యాహ్నం బస్సుకే కోయిలకుంట్లకు పోయి, ఆదివారానికి నా భార్యను వెంటబెట్టుకొచ్చి మా ఇంట్లో దింపాడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికంటే వివరంగా చెప్పేది ఆమే, తాను అక్కడ లేకపోయినా. ఆ శుక్రవారం ఆ బీళ్లలో ఉన్నది అధికారి, కరణంగారి మేనల్లుడు, గొలుసు సాయిబు, మా మామ, నేను.