ఎర్రనీళ్లు చూసి ఆపాను

సెప్టెంబరు చివర్లో కశ్మీరులో ఒక ఏటి వంతెన కాపలాకు చేరాను. కర్రల వంతెన, ఇసుక బస్తాల మోర్చా, పదకొండు మంది జవాన్లం. ఏట్లో మోకాలి లోతు నీళ్లు. అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. చెయ్యి పెడితే ఎముక దాకా జివ్వుమనేది.

రేడియో ఆపరేటర్‌ది రఘునాథపల్లి. నాది నెల్లికుదురు. అతనికి సెలవు మంజూరైంది. తెలంగాణ కోసం మన దగ్గర రైళ్లు ఆపారు, పోలేకపోయాడు.

"రాష్ట్రం రానియ్యన్న, సెలవు ఎటువోతది," అనేవాడు.

ఎండ కాస్తే మధ్యాహ్నం రెండింటికి నీళ్లలోంచి రెక్కల పురుగులు లేచేవి, తొలకరికి మన ఉసిళ్లు లేచినట్టు. వాటిని తినడానికి ట్రౌట్ చేపలు పైకొచ్చేవి. గాలానికి కోడి ఈక కట్టి పురుగులా చేయడం సుబేదార్ సాబ్ మాకు నేర్పారు. వేటకు గంట అనుమతి. ఆర్డరు ఒకటే: నీటి రంగు మారితే గట్టెక్కాలి.

ఆ రోజు అతను ఏట్లో, అతని బదులు వైర్‌లెస్ సెట్ దగ్గర నేను. రెండూ ఇరవైకి పై పోస్టు నుంచి కబురు: "పైన వాన. నీళ్లు చూసుకోండి. ఓవర్." మా దగ్గర ఎండ, పట్టించుకోలేదు. పది నిమిషాలకు పురుగులు లేవడం ఆగింది. చేపలు కనబడలేదు. నీళ్లు ఎర్రబడ్డాయి. అతను గట్టు వైపు వస్తున్నాడు.

నా బుద్ధి మా ఊరి చెరువులోనే ఉండిపోయింది. మన దగ్గర ఎర్రటి కొత్తనీళ్లు రాగానే చేపలు ఎదురెక్కుతాయి. ఊరంతా నీళ్లలోకే ఉరుకుతుంది.

"ఏంది తమ్మి, పోతున్నవ్? కొత్తనీళ్లచ్చినయ్. చేపలు గిప్పుడే ఎదురెక్కుతయ్. జరసేపాగు."

"అవునన్న, మర్శేపోయిన," అని నవ్వి వెనక్కి దిగాడు.

ముందు రాళ్లు దొర్లిన చప్పుడు. చూస్తుండగానే నీళ్లు అతని రొమ్ము దాకా వచ్చాయి. కొట్టుకొచ్చి వంతెన గుంజను పట్టుకున్నాడు.

"అన్నా, కాళ్లు నిలుస్తలేవ్."

వంతెన మీదికి ఉరికాను. బోర్లా పడుకొని అతని మణికట్టు పట్టుకున్నాను. జారుతోంది. సుబేదార్ సాబ్ తాడు తెచ్చేదాకా ఎంతసేపైందో తెలియదు.

రైళ్లు నడిచాక ఇద్దరం కలిసి వచ్చాం. జనగామ స్టేషన్లో వాళ్ల బాపు నా రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు.

"నా కొడుకును నువ్వే బతికిచ్చినవట బిడ్డా."

నేను అతని వైపు చూశాను. అతను తల దించుకొని పెట్టె ఎత్తుకున్నాడు. నేను నిజం చెప్పలేకపోయాను. సిగ్గుతో మహబూబాబాద్ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఇప్పటికీ నాకు కనబడేది ఆ వరద కాదు. గట్టు ఇంకా మూడడుగులే ఉంది. నా మాట విని, నవ్వుతూ వెనక్కి తిరుగుతున్నాడు.