పాట పాడుకుంటూ ఇల్లు విడిచినవాళ్ళు

నరసరావుపేటలో లారీ మెకానిక్ మన్సూర్ కూతురు సబీహా జర్మన్ సాహిత్యం మీద పరిశోధన చేస్తోందంటే, ఊళ్ళో చాలామందికి అదేదో మందుల కంపెనీ చదువనిపించేది. ఎంతమందికని వివరిస్తుంది? చెప్పడమే మానేసింది. అసలే కుదురు తక్కువ పిల్ల. పుస్తకం పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే చదువుతుంది. దీని కాళ్ళలో చక్రాలున్నాయని తల్లి తస్లీమ్ విసుక్కుంటుంది.

ఈ వారం ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. జర్మన్ కథల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే దేశదిమ్మరి కుర్రాళ్ళ మీద ఆమె రాసిన అధ్యాయాన్ని హైదరాబాదులోని గైడు పద్మజ మేడమ్ తిప్పి పంపారు. జర్మనీలో పాతకాలం నుంచీ ఒక ఆచారముంది. వడ్రంగమో తాపీపనో నేర్చుకున్న కుర్రాడు మూడేళ్ళ మీద ఇంకొక రోజు పాటు, సొంతూరి ఛాయలకు రాకుండా ఊరూరా తిరిగి పనిచేయాలి. పాపం, దిక్కులేక వెళ్ళారని సబీహా ముప్ఫై పేజీలు ఏడ్చింది. వానలు పడని ఏడాది బొల్లాపల్లి నుంచి మూటాముల్లె సర్దుకుని కూలికి పోయేవాళ్ళను చూసిన పిల్ల మరింకేం రాస్తుంది?

"దిక్కులేనివాళ్ళయితే దారి పొడుగునా పాటలెందుకు పాడుతున్నారు సబీహా? శుక్రవారంలోగా తేల్చు. లేదంటే అంశం మార్చుకో" అన్నారు మేడమ్ ఫోన్లో.

మూడేళ్ళ కష్టం గంగలో కలిసేలా ఉంది. నాలుగు రోజులు గదంతా కొలిచినా జవాబు దొరకలేదు. గురువారం మధ్యాహ్నం తండ్రికి క్యారేజీ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళి, ఉక్రోషం పట్టలేక ఆయన ముందు అంతా వెళ్ళగక్కింది.

మన్సూర్ చేతుల గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "ఇందులో తెలవంది ఏముందే? మా ఉస్తాదూ అంతేగా! పనొచ్చినాక నన్ను షెడ్డులోంచి ఎల్లగొట్టాడు. ఈడే ఉంటే నీకు నా చెయ్యే వచ్చిద్ది, నాలుగూళ్ళు తిరిగి నీ చెయ్యి తెచ్చుకోరా అన్నాడు."

"ఏడ్చావా అబ్బా?"

"ఏడుపెందుకు? వినుకొండ దాటిందాకా లారీ మీద కూర్చోని పాటలే. కర్నూలు, బళ్ళారి, హుబ్లీ... పొద్దున లేస్తే ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తొచ్చేది కాదు. చానా బాగుండేది."

సబీహా ప్రాణం లేచొచ్చింది. "మరి ఎందుకు తిరిగొచ్చావు?"

"మీ దాదీకి జబ్బు చేసిందని కబురొచ్చింది, వచ్చా. ఆనక పెళ్ళి, నువ్వు..." అంటూ క్యారేజీ అందుకున్నాడు.

"ఇప్పటికీ ఎప్పుడైనా పోవాలనిపిస్తుందా?"

ఆయన రోడ్డు మీద పోయే లారీల వంక చూశాడు. "రోజూ" అన్నాడు. "మీ అమ్మకు చెప్పమాక."

సబీహా మనసు చివుక్కుమంది. ఆయన అలా రోడ్డు వంక చూస్తుంటే ఇన్నేళ్ళూ గిరాకీ కోసమనుకుంది. ఇంటికెళ్ళి ముప్ఫై పేజీలూ కొట్టేసి కొత్తగా మొదలుపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నానికి పంపేసింది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేశారు. సబీహా స్పీకరు పెట్టి, గదిలో తిరుగుతూ వింది. "ఇప్పుడు మనుషులు కనిపిస్తున్నారమ్మా. అంశం ఇదే ఉండనీ. కానీ చివర్లో, ఇల్లు చేరాక కూడా ఆ మనిషికి రోజూ వెళ్ళిపోవాలనే ఉంటుందని రాశావు. ఈ మాట ఎవరన్నారు? ఆధారం ఇవ్వలేదేం?"

వంటగదిలో తస్లీమ్ గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరూ అనలేదు మేడమ్" అంది సబీహా. "నాకే అలా అనిపిస్తుంది."

అందులో అబద్ధమెంతో ఆమెకే తెలియలేదు.