ఇనుముకు పూసిన నూనె

2011 సెప్టెంబరు. నేను జగిత్యాలలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. కోరుట్ల దగ్గర కాలువ మీదున్న పాత ఇనుప వంతెనకు రంగుల పని నడుస్తోంది. తెల్లటి ఇనుము కనిపించేదాకా తుప్పు గీకి, అదే రోజు ప్రైమర్, అంటే తుప్పును ఆపే తొలిపూత, వేయాలి. గీకింది నేను చూసి సరేనంటేనే డబ్బా మూత తీయాలి.

గీకేవాళ్లలో సిరిసిల్ల నర్సయ్య పెద్దవాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి దగ్గు పట్టుకుని, మళ్లీ షెడ్డులో అడుగు పెట్టొద్దని డాక్టరు చెబితే, కోరుట్లలో కూతురింట్లో ఉంటూ ఈ పనికి వచ్చాడు. వంతెన బాగా కుదిరితే తర్వాతి పనులకూ తీసుకుంటానని కాంట్రాక్టరు మాటిచ్చాడు.

తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెకు దిగుతున్నాం. సమ్మెకు ముందురోజు మధ్యాహ్నం, వంతెన ఒకవైపు గీకడం అయిపోయిందని నర్సయ్య ఫోన్ చేశాడు. నేను సభలో ఉన్నాను. వచ్చేదాకా రంగు ముట్టొద్దన్నాను. వానొస్తే ఎట్లా అని అతను అడుగుతుండగానే పెట్టేశాను. వెళ్తే గంట పని. వెళ్లలేదు.

సమ్మె నలభై రోజులు దాటింది. తిరిగి వెళ్లేసరికి ఆ వైపు ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది. చేయి పెడితే జారింది.

"ఏం పూసినవ్ నర్సన్నా?"

"మెషిన్ నూనె సారూ. మా దిక్కు మగ్గాలు బందైతే గిట్లనే పూస్తం. వానలు పడ్డయి గద, తుప్పు పడ్తదని దినాం అచ్చి తుడిచిన."

కూలీ లేని రోజుల్లో, సొంత నూనెతో.

నూనె మీద ప్రైమర్ పట్టదు. పొరలుగా ఊడుతుంది. రివెట్ల సందుల్లోకి కూడా నూనె దిగింది. అంతా థిన్నర్‌తో కడిగి మళ్లీ గీకాలి. రిపోర్టులో రిజెక్ట్ అని రాశాను. ఎందుకలా జరిగిందో రాయలేదు.

కాంట్రాక్టరు ఆ సాయంత్రమే అతన్ని పంపేశాడు. మగ్గాల కాడికే పోయి నూనె పూసుకుంట కూసోమన్నాడట, నవ్వుతూ. నర్సయ్య నా దగ్గరికి వచ్చాడు.

"నూనె మీద రంగు నిలవదని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద సారూ."

గొంతులో కోపం లేదు.

అతను మళ్లీ షెడ్డుకే వెళ్లాడు. రెండేళ్లకు ఆ దగ్గుతోనే పోయాడని కూతురు చెప్పింది. రాష్ట్రం వచ్చేటప్పటికి లేడు.

ఆ తర్వాత ఏ కూలీకి వద్దని చెప్పినా, ఎందుకు వద్దో కూడా చెబుతూ వచ్చాను. వాళ్లు రెండోసారి అడగరు. అడిగితే రేపటి నుంచి రావొద్దంటారని భయం. నర్సయ్య తనకు తెలిసినంతలో వంతెనను కాపాడాడు. తెలిసి ఊరుకున్నవాణ్ణి నేను.